చెవి మేస్త్రీ

ఏమిటమ్మాయ్, ఈ పక్కకి వచ్చి చెప్పు, ఆ చెవి నాకు పనిచెయ్యదని తెలుసుగా. చెవిలో కూతా? నీకా? మూడు నెలల నుంచా. డాక్టరేమన్నాడు? మీ ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగాడా. అందుకా ఇంత ఎండలో పడి వచ్చావు, నేనింకా ముసలాయన్ని చూసిపోదామని వచ్చావనుకున్నాను. సరే, కూర్చో. ఆ కుర్చీ మీద పేపర్లు కింద పడెయ్, అన్నీ చదివినవే. ఉండేది, మీ తాతకి ఉండేది. అలాగని పోయి డాక్టరుతో మా వంశంలో ఉందండీ అని చెప్పకు, తప్పు రాసుకుంటాడు. అది వంశంలోంచి వచ్చింది కాదు, మిల్లులోంచి వచ్చింది. మీ నాన్న చెప్పలేదా? ఏం చెప్తాడు వాడు, అప్పటికి వాడికి ఆరేళ్ళు. ఇల్లంతా చేతులతో మాట్లాడుకోవడం వాడికి పెద్ద ఆటగా ఉండేది. అది తర్వాత చెప్తాను. నన్ను మధ్యలో ఆపకు, ఆపితే మళ్ళీ మొదటికొస్తాను, మీ నాయనమ్మ అదే తిట్టేది నన్ను.

నువ్వు మిల్లు చూడలేదు కదూ. ఇప్పుడక్కడ ఏవో ఇళ్ళు కట్టారు, మేడలు. అప్పట్లో ఆ షెడ్డులో రెండు వందల మగ్గాలు. ఒక్కో మగ్గంలో పోగు లాక్కెళ్ళే నాడె అటు కొట్టి ఇటు కొట్టి, నిమిషానికి నూట యాభై సార్లు అనుకో, పైన షాఫ్టులు, షాఫ్టుల నుంచి తోలు బెల్టులు, కింద నేల వణుకుతుంటుంది. మొదటి రోజు లోపలికెళ్ళినవాడికి కళ్ళు కూడా సరిగ్గా కనపడవు, నిజం చెప్తున్నాను. అక్కడ మాట అనేది లేదు. చేతులే. వేళ్ళు రెండు ముడిస్తే దారం తెగిందని, అరచెయ్యి నుదుటి మీద పెడితే మేనేజరు వస్తున్నాడని, గడ్డం కింద రుద్దితే ఇంకొకటి, అది నీకు చెప్పను. పెదాలు చూసి మాట చదివేసేవాళ్ళం. బయటికొచ్చాక ఒక్కొక్కడూ ఎలా మాట్లాడేవాడనుకున్నావు, పక్కనున్నవాడు వీధి చివర ఉన్నట్టు. మా వీధిలో మొగుడూ పెళ్ళాం సరసమాడుకున్నా అందరికీ వినపడేది. చెవికి పెట్టుకోవడానికి దూది ముక్క కూడా ఇచ్చినవాడు లేడు. రోజుకి అన్ని వేల గజాల బట్ట నేసే మిల్లులో దూది లేదట.

అందులో మీ తాత, మా బావ, మేస్త్రీ. నలభై మగ్గాలు ఆయన కింద. ఆయన గొప్పేమిటంటే చెవి. పొడుగాటి స్క్రూడ్రైవరొకటి ఉండేది, దాని మొన తీసుకెళ్ళి మగ్గం బేరింగు మీద ఆనించి, చెక్క పిడి చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకునేవాడు. డాక్టర్లు గుండె చూస్తారే, అలాగ. అంత రొదలో ఒక్క బేరింగు మాట ఒక్కటే వినేవాడు. తల తిప్పి, ఇది ఎల్లుండి పోతుంది అనేవాడు. ఎల్లుండి పోయేది. చెవి మేస్త్రీ అని పేరు పడిపోయింది, అసలు పేరు జీతం ఇచ్చే గుమస్తాకి కూడా గుర్తులేదు. ఆయనకి దానిమీద ఎంత గర్వమంటే, భోజనం దగ్గర మా అక్కయ్య, అదే మీ నాయనమ్మ, కుక్కరు మూత పెడితే ఆ చప్పుడు విని, ఏమే, రబ్బరు మార్చాలి అనేవాడు. ఒళ్ళు మండేది నాకు. నా సైకిలు గుమ్మంలోకి రాకుండానే లోపలి నుంచి అరిచేవాడు, ఒరేయ్ వెనక చక్రం పుల్లలు రెండు వదులయ్యాయిరా అని. ఇంట్లో ఇలాంటి బావ ఉంటే ఏ బావమరిదికైనా ఎలా ఉంటుందో చెప్పు. నేను వాళ్ళింట్లోనే ఉండేవాణ్ణి, పెళ్ళి కాలేదు, అదే మిల్లులో నేత పని. ఇంట్లోనూ మేస్త్రీనే, మిల్లులోనూ మేస్త్రీనే.

కూత ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు, ఆయన చెప్పలేదు. చెవి మీద బతికేవాడు చెవిలో కూత ఉందని ఎవడితో చెప్తాడు. మాకు తెలిసింది బెల్టు తెగిన రోజున. పొద్దుటి షిఫ్టులో, సరిగ్గా ఆయన వీపు వెనక, బెత్తెడు వెడల్పు తోలు బెల్టు ఫటేల్మని తెగింది. తుపాకీ పేల్చినట్టు. ఒంటికి తగల్లేదు, జానెడు దూరంలో పోయింది. ఈయన మాత్రం అలాగే నిలబడిపోయాడు, రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుని. పక్క మగ్గం మీద నేనున్నాను, ఏమైంది అని సైగ చేశాను. పెదాలు కదిపాడు. 'పెరిగింది' అన్నాడు. ఏం పెరిగింది? 'కూత' అన్నాడు. నాలుగేళ్ళుగా ఉందట, దోమ లాగ సన్నగా, ఆ పేలుడుకి ఉలిక్కిపడగానే ఎవడో చక్రం తిప్పినట్టు ఒక్కసారి పైకెళ్ళిపోయిందట. మూడు రోజులు దిగలేదు. ఆ మూడు రోజులూ అటూ ఇటూ తిరగడం, తల గోడకి ఆనించడం, అక్కయ్య ఏడవడం. నాలుగో రోజు తగ్గింది. ఏ మందూ లేకుండానే తగ్గింది. అప్పణ్ణుంచి మాకు లెక్క తెలిసింది. పొద్దున లేవగానే అక్కయ్య అడిగేది, ఏమండీ ఇవాళ ఏమిటి? ఇవాళ దోమ, అనేవాడు. ఇవాళ ఈల. ఇవాళ రంపం. రంపం అన్న రోజున ఇంట్లో ఎవరూ ఆయనకి ఎదురుపడేవాళ్ళం కాదు. సరదాగా పేకాడుకున్న ఆదివారం సాయంత్రం అడిగితే, ఏదీ, ఉందో లేదో చూసుకోలేదురా అనేవాడు. చూశావా. నీకూ అంతేనా? కొత్త ఉద్యోగం అంటున్నావు, ఫోను మోగితే ఉలిక్కిపడుతున్నానంటున్నావు, మరి పెరగదా. కంగారు పడితే పెరుగుతుందని మీ డాక్టరు బోలెడు చదువుకుని చెప్పింది మా పేకముక్కలు అప్పుడే చెప్పాయి.

సరే, అసలు సంగతికి వస్తున్నాను. ఆగు, ఆ మంచినీళ్ళు ఇటివ్వు. ఆ. ఓ రోజు మిల్లు నోటీసు బోర్డు మీద కాయితం అంటించారు. మిల్లు డాక్టరు మేస్త్రీలందరికీ, పాత పనివాళ్ళందరికీ చెవులు పరీక్ష చేస్తాడు. తప్పినవాళ్ళని షెడ్డులోంచి తీసేసి బేళ్ళు కట్టే గోడౌనుకి పంపిస్తారు. మీ ఆరోగ్యం కోసమే అని రాశారు కింద. వీళ్ళ దుంపతెగ, చెవులు తినేసింది వాళ్ళు, చెవులు లేవు పొమ్మనేదీ వాళ్ళే. పెద్ద వయసువాళ్ళని వదిలించుకోవడానికి ఎత్తు అది, మగ్గాలు కొత్తవి వస్తున్నాయి, మనుషులు తక్కువ చాలు. మొదటి పేరు మా బావది. నెల రోజుల్లో పరీక్ష. ఆయన కాయితం చదువుతుంటే నేను పక్కనే ఉన్నాను. చదవకముందు దోమ, మూడో లైనుకొచ్చేసరికి రంపం. మొహంలో కనపడిపోయింది. గోడౌనంటే ఆయనకి ఉరికంబం కింద లెక్క. అక్కడ మగ్గం లేదు, బేరింగు లేదు, ఆ స్క్రూడ్రైవరు చెవిలో గులిమి తీసుకోవడానికి కూడా పనికిరాదు. ఒరేయ్, ఇరవై రెండేళ్ళురా, తాడు ముడెయ్యడానికా నేను, అన్నాడు. రాత్రి భోజనం ముట్టుకోలేదు. భయపడితే కూత పెరుగుతుంది, కూత పెరిగితే పరీక్ష పోతుందని భయం పెరుగుతుంది, ఆ భయానికి కూత ఇంకా పెరుగుతుంది. భయపడకు బావా అని నేను చెప్పడం. భయపడకుండా ఎలా ఉండాలో చేసి చూపించు అని ఆయన నా మీద పడటం. రోజూ ఇదే.

అప్పుడు మీ నాయనమ్మ నడుం బిగించింది. చప్పుడు వల్ల వచ్చిన రోగం, చప్పుడు లేకపోతే పోతుంది, ఇదీ ఆవిడ వైద్యం. ఎవరు కాదంటారు, నాకూ సబబుగానే అనిపించింది, ఆ పాపంలో నాకూ వాటా ఉంది. గోడ గడియారం ఆపేశాం. కుళాయి కింద బొట్టు పడుతోందని గుడ్డ కట్టాం. తలుపు బందులకి నేనే నూనె పోశాను, అంత మేస్త్రీ ఇంట్లో తలుపులకి అదివరకు నూనె చుక్క పడిందే లేదు. రేడియో గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాం. ఇంట్లో చెప్పులు లేవు. గిన్నెల కింద గుడ్డలు పరిచింది. ఇక మాటలకి ఏం చెయ్యాలి? మాకు మిల్లు సైగలు ఉన్నాయిగా. అక్కయ్యకి నేర్పాను, మీ నాన్నకి నేర్పాను. వాడు ఒకటికి వెళ్ళాలన్నా సైగే. పక్కింటావిడ వచ్చి చూసి, అయ్యో, మీ ఇంట్లో అందరికీ ఒకేసారి మాట పడిపోయిందా అంది. బయటికి తోసినంత పని చేసింది అక్కయ్య, అదీ చప్పుడు కాకుండా.

మరి జరిగిందేమిటో విను. మిల్లు షెడ్డులో ఎవడు ఎటునుంచి వస్తాడో ఆయనకి తెలుసు, నేల అదురు బట్టి పట్టేసేవాడు. ఇంట్లో మేం అందరం పిల్లుల్లా నడుస్తున్నాం. ఆయన మొహం కడుక్కుని తల ఎత్తుతాడు, అద్దంలో వెనక అక్కయ్య తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంటుంది. ఉలిక్కిపడతాడు. పేపరు తిప్పుతాడు, పేపరు అవతల మీ నాన్న మొహం, వేళ్ళతో ఏదో అడుగుతుంటాడు. ఉలిక్కిపడతాడు. కుర్చీలో కునుకు పడుతుంది, కళ్ళు తెరిస్తే నేను వొంగి ఆయన మొహంలోకి చూస్తూ ఉంటాను, ఏమిటి ఇవాళ, రంపమా, అని సైగతో. నన్ను చంపడానికి కంకణం కట్టుకున్నార్రా అందరూ కలిసి, అని మొత్తుకునేవాడు. ప్రతి ఉలికిపాటుకీ కూత ఒక మెట్టు ఎక్కేది. దానికి తోడు ఆ నిశ్శబ్దం. ఆయన చెప్పేవాడు, ఒరేయ్, మిల్లులో నాకిది వినపడదురా, మగ్గాల హోరులో కలిసిపోతుంది, నేను మామూలుగా ఉంటాను, మీరింత నిశ్శబ్దం చేసి దాన్నొక్కదాన్నే నా ముందు కూర్చోబెడుతున్నారు, మాట్లాడండి, గిన్నెలు పడెయ్యండి, పోట్లాడుకోండి. ఆదివారం సెలవు రోజున మిల్లు గోడ దగ్గరికెళ్ళి మరమ్మతు మగ్గం ఒకటి ఆడుతుంటే ఆ చప్పుడుకి నిలబడేవాడు. అక్కయ్య వెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేది, ఏ చప్పుడు మీ చెవులు తినేసిందో దాని దగ్గరికే పోతారేం అని. నేను కూడా ఆయన మాట వినలేదమ్మాయ్. షెడ్డు వదలడం ఇష్టంలేక అలా అంటున్నాడనుకున్నాను. మనిషి తన చెవిలో ఏం జరుగుతోందో తను చెప్తుంటే మేం ఆయనకి చెప్పాం, అలా కాదులే నీకు తెలీదు అని. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. అప్పుడు ఆయన మీదే కోపం వచ్చేది. ఇంతమంది ఇన్ని చేస్తుంటే తగ్గడేం ఈయన, మంచానికి అడ్డంగా పడి మొండికేస్తాడేం అని.

నాకు ఆ వయసులో అన్నిటికీ కోపమేలే. ఇరవై నాలుగేళ్ళు, మిల్లు సంఘానికి కార్యదర్శిని. పుస్తకాలు నాలుగు చదివాను, నాలుగు సగం చదివాను, సగం చదివినవాటిలోంచే ఎక్కువ మాట్లాడేవాణ్ణి. శబ్దం మీది, చెవులు మావి. ఈ ముక్క నాదే, కరపత్రంలో వేశాను. బాగుంది కదూ. ఇప్పటికీ బాగానే ఉంది, అది అబద్ధం కాదు, ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు. దాని కింద ఇంకో అరపేజీ రాశాను, చరిత్ర, రథచక్రాలు, బద్దలయ్యే సంకెళ్ళు, అవన్నీ ఎక్కడెక్కడివో ఏరుకొచ్చినవి. బావ చదివి, ఒరేయ్, ఇందులో నా చెవి ఎక్కడుందిరా అన్నాడు. బావా, ఇది నీ ఒక్క చెవి గురించి కాదు, మొత్తం వర్గం చెవి గురించి అన్నాను. ఆయన నా వంక చూసి, వర్గానికి చెవులెన్ని అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మేస్త్రీలు సంఘంలో చేరకూడదని మిల్లు రూలు, అందుకని ఆయనకి మా విషయాలేవీ చెప్పేవాణ్ణి కాను. ఇంట్లో ఒకే కంచం దగ్గర కూర్చుని కూడా చెప్పేవాణ్ణి కాను. పరీక్ష మొదలైన రోజునే దెబ్బ కొట్టాలి, మొదటి మనిషి లోపల ఉండగానే మగ్గాలన్నీ ఒక్కసారి ఆగాలి. యాజమాన్యం ఉలిక్కిపడాలి. ఈ ఉలిక్కిపడాలి అనే మాట ఎన్నిసార్లు అన్నానో ఆ వారమంతా. మొదటి మనిషి ఎవరో నాకు తెలుసు. తెలిసే, ఆయన్ని కాపాడుతున్నాననే అనుకున్నాను. పరీక్ష మధ్యలో ఆగిపోతే తప్పడం ఉండదు కదా అని.

ఆ పొద్దున బావ తల దువ్వుకుని ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఏమిటి ఇవాళ అంది అక్కయ్య, నోటితోనే, సైగ మర్చిపోయి. రంపం, అన్నాడు. పది గంటలకి డాక్టరు గదిలోకి వెళ్ళాడు. లోపల ఏం జరిగిందో నేను చూడలేదు, కాంపౌండరు చెప్పాడు నాకు తర్వాత. ఆ గది షెడ్డుకి ఎదురుగా, మధ్యలో ఖాళీ జాగా. తలుపులు కిటికీలు మూసి, ఈయనకి చెవుల మీద డబ్బాల్లాంటివి తొడిగి, ఓ పెట్టెలోంచి సన్నటి చప్పుళ్ళు పంపిస్తారు, వినపడితే చెయ్యెత్తాలి. మొదటి రెండూ పోయాయి. లోపల రంపం కోస్తుంటే ఏ చప్పుడు పెట్టెదో ఏది తనదో ఎలా తెలుస్తుంది, ఊరికే చెయ్యెత్తాడట చప్పుడు లేనప్పుడు. డాక్టరు విసుక్కున్నాడట. అప్పుడు ఈయన, డాక్టరుగారూ, గాలాడక ఊపిరి సలపడం లేదండీ, ఆ కిటికీ తీయిస్తారా అన్నాడట. డాక్టరుకీ చెమటలు పడుతున్నాయి, సరే అన్నాడు. కిటికీ తీశారు. ఎదురుగా రెండు వందల మగ్గాలు. ఆ హోరు దూరం నుంచి, సన్నగా, గదిలోకి వచ్చింది. ఈయన కళ్ళు మూసుకున్నాడట, బేరింగు వినేటప్పుడు మూసుకున్నట్టు. భుజాలు కిందికి దిగాయట, మొహం తేటపడిందట. మళ్ళీ మొదటి నుంచి పెట్టండి అన్నాడట. పద్నాలుగు చప్పుళ్ళు. పద్నాలుగింటికీ సరిగ్గా చెయ్యెత్తాడు. కాంపౌండరు ప్రమాణం చేసి చెప్పాడు నాకు, నా కళ్ళతో చూశానండీ, పద్నాలుగుకి పద్నాలుగు, కుర్రాళ్ళకి కూడా రావు అని. ఇంకో ఆరు చప్పుళ్ళు మిగిలాయి.

పదిన్నరకి నేను చెయ్యెత్తాను. పిడికిలి బిగించి. ఆ సైగ ఒక్కటీ కొత్తగా పెట్టుకున్నాం. నా పక్కవాడు ఎత్తాడు, వాడి పక్కవాడు ఎత్తాడు, అలా చివరిదాకా పోయింది. రెండు వందల మంది హ్యాండిళ్ళు లాగారు. అమ్మాయ్, ఆ షెడ్డు అలా ఆగడం నేను అంతకు ముందు వినలేదు. సాయంత్రం షిఫ్టు దిగేటప్పుడు ఒకటొకటిగా ఆగుతాయి, చినుకులు తగ్గినట్టు. ఇది అలా కాదు. ఒక్క వేటుకి నరికేసినట్టు ఆగింది. నాకు లేని కూత నాకే వినపడింది ఓ క్షణం. అక్కడ గదిలో ఆయన కుర్చీలోంచి లేచిపోయాడట. చెవుల మీద డబ్బాలు పీకేశాడట. బెల్టు తెగిన రోజు ఎలా నిలబడ్డాడో అలా. ఆ రోజు చప్పుడు వచ్చి కొట్టింది, ఈ రోజు చప్పుడు పోయి కొట్టింది. ఇంకో నిమిషానికి మేం అందరం బయటికొచ్చి ఆ కిటికీ కిందే నిలబడి ఒక్క గొంతుతో అరిచాం. శబ్దం మీది, చెవులు మావి. మిల్లు గొంతులు, ఎలా ఉంటాయో చెప్పానుగా. డాక్టరు మహా పట్టుదల మనిషి, బయట ఏం జరిగినా నా పని నాది అని ఆయన్ని కూర్చోబెట్టి ఆ ఆరూ పెట్టాడట. ఒక్కటి కూడా పట్టుకోలేకపోయాడు. చెయ్యి ఎత్తడానికే భయపడ్డాడట. మొదటివి ఊహించి చెప్పాడు, ఇతనికి వినపడదు, అని రాసి సంతకం పెట్టాడు డాక్టరు.

మూడు రోజులు మగ్గాలు ఆపాం. నాలుగో రోజు యాజమాన్యం దిగొచ్చింది. చెవి పరీక్షలు రద్దు. పనివాళ్ళందరికీ చెవుల్లో పెట్టుకునే రబ్బరు బిరడాలు ఇస్తామన్నారు, ఇచ్చారు కూడా. మామూలు విషయం కాదది, ఎంతమంది చెవులు నిలబడ్డాయో, నన్ను ఎత్తుకుని ఊరేగించారు. ఒప్పందం కాయితంలో చివర ఒక లైను ఉంది. ఇంతవరకు జరిగిన పరీక్షల ఫలితాలు చెల్లుతాయి, అని. మేనేజరు నా వైపు కాయితం తోసి, డాక్టరు మాట కాస్త నిలబెట్టాలి కదా, ఈ ఒక్క లైనూ ఒప్పుకోండి, పరీక్ష జాబితాలో మిగతా నూట ఎనభై మందీ బయటపడతారు, అన్నాడు. జరిగిన పరీక్ష ఒక్కటి. ఇంతవరకు అంటే ఒక్క మనిషి. నేను చదివాను. చదవకుండా పెట్టానని అందరితో చెప్తుంటాను గాని, చదివే పెట్టాను సంతకం. నూట ఎనభై ఎక్కడ, ఒకటి ఎక్కడ. తర్వాత ఏదో ఒకటి చేసి ఆయన్ని వెనక్కి తీసుకొద్దాం అనుకున్నాను. ఆ తర్వాత అన్నది ఉంది చూశావూ. సంఘంలో నేను పైకి పోతూనే ఉన్నాను, ఆయన గోడౌనులో ఉంటూనే ఉన్నాడు.

గోడౌను ఎలా ఉంటుందో తెలుసా. కింద నుంచి పైకప్పు దాకా బట్టల బేళ్ళు. చప్పుడనేదాన్ని అవి పీల్చేస్తాయి. దగ్గితే దగ్గు నీ నోట్లోనే ఉండిపోతుంది. ఆయన చెవికి లోకంలో ఇంతకన్నా చెడ్డ చోటు వెతికినా దొరకదు. పదకొండేళ్ళు తాడు ముడేశాడక్కడ. మనిషి మాట తగ్గిపోయింది. ఇంట్లో మాత్రం గడియారం మళ్ళీ ఆడింది, రేడియో అటక దిగింది, అక్కయ్య రోజంతా గిన్నెలు ఎత్తి పడేస్తూనే ఉండేది, అప్పుడు తెలిసింది ఆవిడకి, ఏం లాభం.

నాకు అంతుబట్టనిది అది కాదు. నన్ను తిట్టలేదమ్మా ఆయన. ఒక్క మాట. సైకిలు పుల్లలు వదులైతే తిట్టే మనిషి. నేను ఎన్ని విధాలుగా సందు ఇచ్చాననుకున్నావు, ఆలస్యంగా వచ్చేవాణ్ణి, ఆయన చొక్కా వేసుకుపోయేవాణ్ణి, ఆయన పేపరు నలిపేసేవాణ్ణి. ఊహూఁ. పైగా వీధిలో అందరికీ చెప్పుకునేవాడు, మా మిల్లు చరిత్రలో ఒక్క మేస్త్రీ కోసం రెండు వందల మగ్గాలు ఆగాయండీ, నా కోసం, అని. వినలేక చచ్చేవాణ్ణి. గోడౌనుకి వెళ్ళిన మొదటి వారం, గుమ్మంలో కూర్చుని ఉన్నాడు, నేను వస్తుంటే అడిగాడు. ఏరా, ఆ రోజు పదిన్నరకే ఆపాలని ఎవరు చెప్పారురా? అప్పుడే చెప్పేసి ఉంటే అయిపోయేది. కమిటీ, అన్నాను. కమిటీలో ఎంతమంది? ఆరుగురు. కాయితం మీద ఆరుగురే. పదిన్నర అని చెప్పింది నేనొక్కణ్ణి. ఆయన తలూపి, పాపం నా కోసం అంత చేశారు, ఓ రోజు ఇంటికి పిలువు, మీ అక్కయ్య చేత టీ పెట్టిద్దాం, అన్నాడు. పిలుస్తాలే బావా అన్నాను. మళ్ళీ నెలకి, ఏరా, కమిటీ వాళ్ళు రాలేదే. మీటింగులున్నాయి బావా. మరుసటేడు, కమిటీ వాళ్ళు కులాసాయేనా. కులాసా బావా. మీ నాన్న పెద్ద పరీక్ష పాసైన రోజున కూడా, ఇవాళైనా పిలవరా ఆ కమిటీ వాళ్ళని, కలిసొస్తుంది. పదకొండేళ్ళు అడిగాడు. ఏమిటి? ఆయనకి తెలియదా అంటావా? తెలియకపోవడమేమిటి తల్లీ, మిల్లు గేటు దగ్గర ఎవణ్ణి అడిగినా చెప్తాడు చెయ్యెత్తింది ఎవరో, రెండు వందల మంది చూశారు నన్ను. ఆఖరి జబ్బులో మంచం మీద ఉండి కూడా, నేను మందు పోస్తుంటే, చెంచా నోట్లో పెట్టుకోకుండా నా మొహంలోకి చూసి, ఒరేయ్, వాళ్ళు ఇంక రారా, అన్నాడు. నేను...

నీ బస్సు ఎన్నింటికన్నావు? ఐదుంపావుకా. ఇప్పుడు బయల్దేరితే సీటు దొరుకుతుంది, ఆలస్యమైతే నిలబడి పోవాలి. గొడుగు తీసుకెళ్ళు, ఆ తలుపు వెనక ఉంటుంది చూడు.